మెట్టు లేచేదాకా

విడవలూరు దగ్గర సముద్రపు ఒడ్డున మిషన్ బడిలో పాటలు నేర్పే రెబెక్కమ్మ, సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక పమిట చెంగుతో పియానో మెట్లు తుడిచి కూర్చునేది. ఇంగ్లండు సీమకు వెళ్లిపోతూ ఆ బడి నడిపిన దొరసాని ఇచ్చిన ఫ్రెంచి పాట ఒకటుంది, నీళ్ల మీద వాన కురుస్తున్నట్టుండే పాట. రోజూ అదే వాయించేది. ఎంత వేగంగా వాయించాలో పాట అచ్చువేసిన కాగితం మీద ఫ్రెంచిలో ఉంది. ఆమెకు ఆ భాష రాదు. ఇంకొకరు వాయించగా విననూ లేదు. ఉప్పుగాలికి ఉబ్బిన మెట్లు నొక్కితే ఒక పట్టాన పైకి లేచేవి కావు. లేచేదాకా ఆగి, తరువాతిది నొక్కేది. అదే ఆ పాట నడక అయింది.

పంతొమ్మిది వందల అరవై రెండులో పియానో మరమ్మతుకు వచ్చిన జయకుమార్ మెట్లన్నీ సాపు చేసి, ఆమె వాయిస్తుంటే విన్నాడు.

"ఇప్పుడు బాగా ఆడతా ఉండాయి గదమ్మా, ఇంకా ఎందుకు ఆగతా ఉండారు?"

ఆమె వేగం పెంచింది. వేళ్లు చకచకా పరిగెత్తాయి. చూస్తుండగానే పాట అయిపోయింది. రెబెక్కమ్మ ముఖం చిన్నబోయింది.

"ఇన్నేళ్లూ నేను వాయించినది పాటనా, ఈ పియానో రోగాన్నా?"

జయకుమార్ భుజాన వేసుకున్న సంచి దించాడు. "మొదట వాయించినట్టే ఇంకోసారి వాయించండమ్మా."

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. మెట్లు వేలు తీయగానే పైకి లేస్తున్నాయి. అయినా ఆమె ఆగింది. ఒక్కో స్వరం గదిలోంచి పూర్తిగా పోయాకే తరువాతి మెట్టు మీద వేలు పెట్టింది.