నా కోసం తవ్విన బొంద

నా కోసం తవ్విన బొందను నేను నా కండ్లతోనే చూసిన. ఆ మాట అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతరు. నవ్వుకోన్రి. నాకు అప్పుడు ఇరవై రెండేండ్లు, చంకల పదహారు దినాల బిడ్డ.

మాది మరిపెడ దిక్కు చిన్న ఊరు. ఊరి చివర మా క్రైస్తవుల ఇండ్లు ముప్పై దాంక ఉండె, నడుమ పెంకల గుడి. పాదిరి అయ్యగారు నెలకోసారి సైకిలు మీద వచ్చి రొట్టె, ద్రాక్షరసం సంస్కారం ఇచ్చి పోయేటోడు. మిగతా దినాలు గుడి నడిపేది గంట కొట్టే పెద్దాయన. నా మొగనికి వరుసకు పెదనాయిన. ఊరంత పెద్దబాపు అనేటోళ్ళం. ఆదివారం గంట గబగబ కొడుతడు. ఎవరన్న పోతే మాత్రం ఒక్కొక్క దెబ్బ, ఆగి ఆగి కొడుతడు. ఆ గంట వినవడ్డదంటే పొయ్యి మీద కూర ఉన్నా, మడిల నాగలి ఉన్నా ఇడిచిపెట్టి ఇంటికొకరు పారనో తట్టనో పట్టుకొని బొందలగడ్డకు పోవాలె. ఎవరు పోయిన్రు, ఎట్ల పోయిన్రు అని అడిగేది లేదు. ముందు చేయి వెయ్యాలె, తర్వాత ఏడ్వాలె. చుట్టుపక్కల మా సంఘానికి గదే పేరు. మాకు ఆ గర్వం బాగనే ఉండె. ఆ గర్వమే నన్ను బతికుండంగనే చంపింది.

అరవై తొమ్మిదిల, తెలంగాణ కావాలని లొల్లి నడుస్తున్న దినాలు. ఇయ్యాల బస్సు ఉంటే రేపు ఉండదు. నాకు కాన్పు కష్టమైతే మా అమ్మ, నా మొగడు కలిసి దూరపు దవాఖానకు తీస్కపోయిన్రు. బిడ్డ పుట్టింది, నాకు జరం పట్టుకున్నది, పాలు పడలే. బియ్యం తెస్తనని నా మొగడు ఊరికి పోయిండు. పోయినోడు బందుల చిక్కుకొని ఆడనే ఉండిపోయిండు.

నా పక్క మంచం మీద తండా ఆమె ఉండె, నా ఈడుదే. ఆమె కన్న బిడ్డ పుట్టంగనే పోయింది. ఆమె మొగడు సుత ఇంటికి పోయి బందుల చిక్కిండు. నా బిడ్డ ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటే ఆమె లేచి వచ్చింది. ఎవర్నీ అడగలే. బిడ్డను తీస్కొని రొమ్ముకు పెట్టుకున్నది. ఆమెకు మా మాట అంతంతమాత్రం, నాకు తండా మాట అసలే రాదు. పాలిచ్చేటప్పుడు సన్నగ ఏదో పాడుతుండె. నాలుగు దినాలు గట్లనే నా బిడ్డను సాకింది. పేరు అడుగుదామని అనుకుంటనే ఉన్న, జరంల పడి అడగకపోతి. ఆ పాపం నాదే.

జరం ఎక్కువైతే నన్ను లోపలి గదికి మార్చిన్రు. నా మంచం కిటికీ కాడ ఉండె. ఖాళీ అయిందని, గాలి వస్తదని, ఆమె అందుల పండుకున్నది. మూడో దినం పొద్దుగాల ఆమెకు రక్తం ఆగలే. పోయింది.

గదే పొద్దు మా పెద్దబాపు వచ్చిండు. తొవ్వల పోలీసులు పడుచోళ్ళను పట్టుకుంటున్నరు గని ముసలోన్ని ఆపరని, సంఘపోళ్ళు ఇచ్చిన బియ్యం మూట నెత్తిన పెట్టుకొని రెండు దినాలు నడిచి వచ్చిండు. కిటికీ కాడి మంచం అని నా మొగడు గుర్తు చెప్పి పంపిండు. వచ్చి చూస్తే ఆ మంచం మీద దుప్పటి కప్పిన పీనుగ. మా అమ్మ బిడ్డనెత్తుకొని ఆవుపాల కోసం బజారుకు పోయింది. దుప్పటి ఎత్తి చూసే గుండె ఆయనకు లేకపోయె. పోనీ ఎవర్నన్న అడిగిండా? మా ఊర్ల అడిగే అలవాటే లేదాయె! బియ్యం మూట మంచం కింద పెట్టి, మోకాళ్ళూని ప్రార్థన చేసి, ఏడ్చుకుంట ఎనుకకు తిరిగిండు.

ఊరు చేరంగనే గంట కొట్టిండు. ఇంటికొకరు వచ్చిన్రు. రాళ్ళ నేల, అయినా పగటాల్లకు ఛాతి లోతు బొంద తయారైంది. తల్లి లేని పసిగుడ్డు దక్కదని, పక్క గోడకు చిన్న అర గూడ తొలిచిన్రు. నా చీరలు పంచుకున్నరు. నా మొగడు బండి కట్టి, గడ్డి పరిచి, కొత్త తెల్లగుడ్డ పెట్టుకొని నా పీనుగ కోసం బయలెల్లిండు.

ఆయన వచ్చేటాల్లకు నాకు జరం దిగింది, మంచం మీద కూసొని గంజి తాగుతున్న. తలుపు కాడ నిలబడ్డడు. నవ్వలే, ఏడ్వలే. "ఏందయ్యా, గట్ల చూస్తున్నవ్?" అన్న. దగ్గరికొచ్చి నా పాదాలు పట్టి చూసిండు, వెచ్చగ ఉన్నయా లేదా అని. తండా ఆమె సంగతి గప్పుడే మా అమ్మ చెప్పింది: ఆమె కోసం ఎవరు రాలేదట, దవాఖానోళ్ళే తీస్కపోయి యాడనో పెట్టిన్రట.

పీనుగ కోసం వచ్చిన బండిలనే ఇంటికొచ్చిన. మిట్టమధ్యాహ్నం. బండి చప్పుడు వినంగనే గంట మొదలైంది, ఆగి ఆగి. ఆడోళ్ళు కొప్పులిప్పుకొని పాట ఎత్తుకొని ఎదురొస్తున్నరు. నేను గడ్డిల నుంచి లేచి కూసున్న. పాట నడుమల తెగింది. "నేను బతికే ఉన్ననే!" అని ఒర్లిన. నా యారాలు, నా బావ పెండ్లాం, నా పచ్చచీర కట్టుకొని ముందే నిలబడ్డది. కొంగు నోట్ల కుక్కుకొని ఎనుకకు ఎనుకకు నడిచింది. నేను మొదటి నుంచి మోటుదాన్నే. "ఏందక్కా, నా చీర నీకు మంచిగనే నప్పింది" అన్న. నవ్వుతరనుకున్న. ఎవ్వరు నవ్వలే.

వచ్చే ఆదివారం సంస్కారం. మా గుడిల ద్రాక్షరసానికి ఒక్కటే గిన్నె. అందరం ఒకే అంచున తాగుతం, మనమంత ఒకే శరీరం అని చెప్పుకుంటం. నేను తాగి పక్కకిచ్చిన. యారాలు గిన్నెను పెదవులకు ఆనించినట్టు చేసి ముందుకు పంపింది. ఆమె తర్వాతామె గూడ గంతే. నా తర్వాత ఆ వరుసల ఒక్కరు తాగలే. చాప మీద నా చుట్టు ఇద్దరు కూసునేంత జాగ ఇడిచిపెట్టిన్రు. నన్ను ఎవరు తిట్టలే, పొమ్మనలే. బియ్యం పంపిన్రు, కట్టెలు పంపిన్రు. తెచ్చి గడప బయట పెట్టి, పిలిస్తే తిరిగి చూడకుండ పోయిన్రు. నేను చచ్చిపోతే గంటసేపట్ల ముప్పై ఇండ్లు ఒక్కటైనయి గదా, బతికొస్తే ఒక్క ఇల్లు దగ్గరికి రాలేదెందుకు? నాకు ఒళ్ళు మండేది. మాటకు ముందు "నీ బొంద" అనేదాన్ని. ఆ మాట నా ముందట ఎవరి నోటెంట రాకపోయె. కొన్ని దినాలకు నాకే అనుమానం పట్టుకున్నది, నిజంగనే పోయిన్నా ఏంది అని. పొద్దున లేచి నా కాళ్ళు నేనే ముట్టి చూసుకునేదాన్ని.

బొంద అట్లనే తెరుచుకొని ఉన్నది. మొదటి పిడికెడు మన్ను ఇంటోళ్ళు వెయ్యాలె, గది మా రివాజు. నా మొగడు రెండుసార్లు పోయిండు. మన్ను చేతిల పట్టుకొని నిలబడి, వెయ్యలేక వచ్చిండు. "బతికున్న పెండ్లాం బొందల మన్ను ఎట్ల వెయ్యాలె?" అన్నడు. ఖాళీ బొంద మనిషిని అడుగుతదని ముసలోళ్ళు గుసగుసలు. గుడిల ఉన్నంతసేపు గవన్నీ ఉత్తమాటలని చెప్పుకునుడు, బయటికొచ్చి పిల్లల్ని ఆ దిక్కు పోనియ్యకపోవుడు. వానలొచ్చినయి. గట్టున పోసిన మన్ను సగం కొట్టుకపోయింది.

నా బిడ్డకు ఆవుపాలు పడలే. పొద్దంత ఏడుపే. ఒకనాడు పగటాల్ల కట్టెలకు పోతు బొందలగడ్డ పక్క నుంచి నడిచిన. బొంద కాడికి రాంగనే బిడ్డ ఏడుపు ఆపింది. కండ్లు మూసుకొని పెదవులు కదుపుతున్నది. గొంతుల గుటకలు పడుతున్నయి. పది అడుగులు దాటిన, మళ్ళ గుక్కపట్టింది. ఎనుకకొచ్చిన, ఆగింది. తెల్లారి పోయిన, గట్లనే. మూడోనాడు గూడ గట్లనే. ఎర్రటి ఎండ, చుట్టు పిట్ట గూడ లేదు. బిడ్డ కడుపు నిండినట్టు నిద్రపోయింది. ఎవరికి చెప్పుకోవాలె? చెప్తే ఇంకింత దూరం పెడుతరు.

ఆ మూడోనాడు ఆడ నిలబడితేనే నాకు తట్టింది. ఈ బొంద నాది కాదు. ఆ పొద్దు పోయింది ఎవరో ఈ బొంద వాళ్ళది.

ఆదివారం ప్రార్థన నడుమల లేచి నిలబడ్డ. మా గుడిల ఆడోళ్ళు లేచి మాట్లాడేది లేదు. అయినా గొంతు ఆగలే. "ఆ మంచం మీద పోయినామె నా బిడ్డకు పాలిచ్చింది. మీరు గంట కొట్టింది ఆమెకు, పారలు పట్టింది ఆమెకు. పెద్దబాపు మోకాళ్ళూనింది ఆమె కాడ. సగం చేసి ఎందుకు ఇడిచిపెట్టిన్రు? మన సంఘపామె కాదనా?" అన్న. అని, ఏడ్చిన. తర్వాత పెద్దబాపు లేచి బయటికి పోయిండు. గంట వినవడ్డది, ఒక్కొక్క దెబ్బ.

ఇంటికొకరు వచ్చిన్రు. మొదటి పిడికెడు నేను వేసిన. నా మొగడు లోపలికి దిగి, ముందు ఆ చిన్న అరను రాళ్ళతోని మూసిండు. తర్వాత అందరు తట్టలెత్తిన్రు. సగం మన్ను వానకు పోయింది, చాలదు, చెరువు గట్టు నుంచి తేవాలె అనుకున్నం. తేలే. బొంద నిండింది. నిండి పైకి లేచింది, లోపల మనిషి ఉంటే లేచేంత దిబ్బ. ఎన్నో బొందలు తవ్విన మగోళ్ళు పారల మీద ఆనుకొని చూసిన్రు. "తడికి మన్ను ఉబ్బింది" అని ఒకాయన అన్నడు. ఆ తర్వాత ఆ దారిన ఎన్నిసార్లు పోయినా నా బిడ్డ మామూలుగనే ఏడ్చింది.

దసరా దాటినంక ఒకాయన ఊర్లకొచ్చి మా ఇల్లు అడిగిండు. తండా ఆమె మొగడు. దవాఖాన ఆయమ్మ మా ఊరు చెప్పిందట. "నా ఆడామె పాలు తాగింది గీ బిడ్డేనా అక్కా?" అని చాలసేపు చూసిండు. "ఆమెను యాడ పెట్టిన్రో ఎవరు చెప్తలేరు. నీకేమన్న ఎరుకనా?" అన్నడు. తెల్వదని చెప్పెటందుకు నోరు తెరిచిన. అప్పటికే వాకిట్ల అందరు జమైన్రు. పెద్దబాపు ముందుకొచ్చిండు. "ఎరుకనే నాయినా, రా" అన్నడు.

దిబ్బ చూపిచ్చిండు. "మా సంఘమంత కలిసి మన్ను వేసినం" అన్నడు. అందుల ఒక్క మాట అబద్ధం లేదు. తండా ఆమె మొగడు ముప్పై ఇండ్లోళ్ళ మొఖాలు ఒక్కొక్కటే చూసిండు. ఒక్కరి కన్ను తప్పుకోలే. "మేము కాలుస్తం. మీకు తెల్వది గద. మంచిగనే చేసిన్రు" అని ఆ దిబ్బ మీద బోర్లపడి వాళ్ళ మాటల ఏడ్చిండు. నా ఎనుక నుంచి ఎవరో నా చేయి పట్టుకున్నరు. నా యారాలు. ఐదు నెలలల్ల నన్ను ఇంటోళ్ళు గాక ముట్టిన మొదటి మనిషి. "పడుతవ్ చెల్లె, నన్ను పట్టుకో" అన్నది. అప్పుడు నేను తండా ఆమె కోసం ఏడ్చిన్నా, నా కోసమా, మేం చేస్తున్న పని కోసమా, ఇప్పటికీ చెప్పలేను.

అప్పటి నుంచి నేను మళ్ళ బతికినోళ్ళల్ల కలిసిన. తండా ఆయన ఏడాదికోసారి వచ్చి, దిబ్బ కాడ పొద్దంత కూసొని, నా బిడ్డకు బెల్లం ఇచ్చి పోయేటోడు. మేం ఒక్కరం గూడ నోరిప్పలే. ఎనభైలొచ్చినంక ఒక ఎండకాలం ఆయన తమ్ముండ్లు బండి కట్టుకొని వచ్చిన్రు. బండిల ఆయన పీనుగ. కాల్చొద్దు, ఆమె పక్కన పెట్టుండ్రి అని చెప్పి పోయిండట.

గంట మోగింది. ఇంటికొకరు వచ్చిన్రు. దిబ్బ అంచున గడ్డపార పడబోతుంటే, కట్టె పట్టుకొని కూసున్న పెద్దబాపు చెయ్యెత్తిండు. "జర ఎడంగ తవ్వుండ్రి" అన్నడు. ఆయన తమ్ముండ్లల్ల ఒకడు నా దిక్కు తిరిగిండు. "పక్కకే పెట్టమన్నడు అక్కా. ఎడం ఎందుకు?" అన్నడు.

అందరు నేల చూస్తున్నరు.

"దగ్గర తవ్వితే ఆమె కదులుతది, నాయినా" అన్న.