కుక్క లేవలేదని వెళ్లమన్నాను

మధ్యాహ్నం రెండుంపావుకు పోస్టు చేరాం. కంచరగాడిదలు కిందే ఆగిపోయాయి. ఆఖరి మూడు గంటల దారి కాళ్ల మీదే. డెబ్బైల మొదట్లో మాట, నవంబరు నెల, కాశ్మీరు కొండలు. మంచు ఇంకా పడలేదు, గాలి మాత్రం చెవులు కోస్తోంది. మనిషికి ఒక రైఫిలు, రెండు కంబళ్లు, ఒక జత ఉన్ని తొడుగులు. గుర్రంకొండ కోట పరుగున ఎక్కినవాణ్ణి, ఈ కొండ నాకొక లెక్కా అని దారంతా కోతలు కోశాను. పైకెక్కాక మాట రాలేదు. ఊపిరే రాలేదు, ఇంక మాటెక్కడిది.

నాలుగు బంకర్లు. పదకొండు మంది. ఒక కుక్క. పడమట లోయ, లోయకు అవతల శత్రువుల ఫిరంగులు. మాకు పైన, శిఖరం మీద, చిన్న కాపలా పోస్టు ఒకటి. ఫిరంగుల దగ్గర కదలిక కనబడితే ఆ పైపోస్టువాళ్లు మాకు ఫోను చేస్తారు. చేత్తో తిప్పే చెక్కపెట్టె ఫోను. గంట మోగితే అందరూ బంకర్లలో దూరాలి. రెండు మూడు నిమిషాల్లో గుండ్లు పడతాయి.

పగలు ఆ ఫోను దగ్గర కూర్చోవడం నా పని. పోస్టుకు పెద్ద అయిన సుబేదారు మొదటిరోజే ఆర్డరు చెప్పాడు. గంటకొకసారి పిడి తిప్పి, లైను బాగుందో లేదో పైవాళ్లతో మాట్లాడి చూడాలి. పగటిపూట ఎవడూ వాలు మీదికి దిగకూడదు. దిగక తప్పకపోతే ముందు ఫోను తిప్పాలి. మేం తిప్పితే వాళ్ల గంట మోగుతుంది. మా గంట మోగిందంటే మాత్రం గుండ్లే.

వంటవాడు కుప్పం మనిషి. నాది పుంగనూరని చెప్పగానే నా గ్లాసులో మాత్రం అంచుదాకా టీ పోశాడు. వాడికి నా అనేవాళ్లు ఒక్క అక్కే, మదనపల్లె మిషను ఆసుపత్రిలో నర్సు. కుక్కకు దొర అని పేరు పెట్టింది వాడే. పొద్దంతా బంకరు గుమ్మంలో, నా ఫోనుకు జానెడు దూరంలో, ఎండకు పడుకునేది గనక.

రెండో వారంలో ఒక వింత కనిపెట్టాను. గంట మోగకముందే దొర లేచి బంకరు మూలకు పరుగెత్తేది. ఆ తర్వాత గంట. ఆ తర్వాత గుండ్లు. ఒకసారి కాదు, ప్రతిసారీ. కుక్కకు గుండ్ల వాసన తెలుస్తుందని పోస్టంతా చాటాను. అందరూ నమ్మారు. సగం కుక్కను చూసి, సగం నా నోటిని చూసి. సుబేదారు నమ్మనన్నాడు. అయినా బయట గడ్డం గీసుకునే ముందు ఒకసారి దొర వైపు చూసేవాడు. లైను చూసే వేళ పైపోస్టు ఫోనువాడితో కూడా గొప్పలు పోయాను.

"అట్లయితే ఫోను పీకేసి కుక్కకే వైరు కట్టుకోండప్పా" అన్నాడు వాడు.

మూడో వారంలో ఒకరోజు ఆకాశం తేటగా ఉంది. తెల్లవారుజామున తెచ్చిపెట్టిన నీళ్లు గడ్డకట్టి రెండు డబ్బాలూ చీలిపోయాయి, ఎండెక్కాక కరిగి అన్నీ నేలపాలయ్యాయి. సుబేదారుకు జ్వరం. మాత్ర మింగడానికి గుక్కెడు నీళ్లు లేవు. ఊట ఎనభై అడుగులు కింద, వాలు మీద. మూడూ నలభైకి వంటవాడు వేరే ఖాళీ డబ్బాలు రెండు పట్టుకుని వచ్చాడు. నేను లైను చూసింది మూడింటికి. వాడు దిగే ముందు మళ్లీ తిప్పాలి. చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను. బయటికి తీయబుద్ధి కాలేదు.

"ఏమప్పా, దొర ఏమంటాండాడు?"

"పండుకోనుండాడు. పో."

"ఒకసారి ఫోను తిప్పి సూడు."

"దొరకన్నా ఫోను ఎక్కువనా నీకు?"

నవ్వాడు. వెళ్లాడు.

మూడూ నలభై ఆరుకు మొదటి గుండు పడింది. గంట మోగలేదు. గుండు పడేదాకా దొర కళ్లు తెరవలేదు.

చీకటి పడ్డాక వంటవాడి శవాన్ని పైకి తెచ్చాం. ఒక డబ్బాలో నీళ్లు మిగిలే ఉన్నాయి. సుబేదారుకు ఆ నీళ్లతోనే మాత్ర వేశాం.

పొద్దున వైరు వెంట వెళ్లి చూస్తే, పైనుంచి దొర్లిన బండ దాన్ని తెంపేసి ఉంది. అతికించాక పైవాడు తన పిడి తిప్పి చూశాడు. అప్పుడు విన్నాను. మోగే ముందు పెట్టెలో సన్నగా టక్కుమంటుంది. అన్నాళ్లూ అది నా చెవిన పడుతూనే ఉంది, పట్టించుకోలేదు. దొర మూలకు పరుగెత్తింది. గంట మోగింది. గుండ్లు రాలేదు. అయినా అది సాయంత్రందాకా బయటికి రాలేదు.

నాలుగు నెలలకు సెలవు దొరికింది. వంటవాడి రేకుపెట్టె మోసుకుని మదనపల్లెలో అక్క ఉండే క్వార్టర్సుకు వెళ్లాను. రైల్లో మంచి కథ ఒకటి కట్టుకున్నాను. అందులో వాడు సుబేదారును భుజాన వేసుకుని గుండ్ల మధ్య పరుగెత్తాడు. అక్క కుర్చీ వేసి కూర్చోమంది. టీ తెస్తానని లోపలికి వెళ్లింది. కథ మొదలుపెడదామని గొంతు సవరించుకున్నాను. గోడగడియారం నాలుగు కొట్టే ముందు టక్కుమంది.

ఆ నాలుగు గంటలు కొట్టడం మంచం కింద నుంచి విన్నాను. ఎట్లా దూరానో తెలియదు. నుదురు చిట్లింది. రెండు చేతులూ తల మీద ఉన్నాయి.

అక్క గ్లాసులు పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. రైల్లో కట్టుకున్న కథ నిలబడి చెప్పాల్సింది. మంచం కింద పడుకుని అది చెప్పడం నాకు చేతకాలేదు. దొర సంగతి, ఫోను సంగతి, తెగిన వైరు సంగతి చెప్పాను.

"మా వార్డులో బిడ్డలు సూదిని సూసి గాదు నాయనా, దూది మీద స్పిరిటు వాసనకే ఏడుస్తారు" అంది. "స్పిరిటు నొప్పి పెట్టదు. దాని ఎనకాలే సూది వస్తాదని నేర్సుకోనుండారు. మీ కుక్క నేర్సుకునింది ఆ టక్కుమనేదాన్ని. గుండ్ల సంగతి దానికేం తెలుసు."

కొంగుతో నా నుదుటి నెత్తురు అద్దింది. తర్వాత అడిగింది.

"ఫోను తిప్పమని మావోడు అడిగినాడా?"

లేదంటే సరిపోయేది. నా జీవితంలో అంత సులువైన అబద్ధం ఇంకొకటి దొరకలేదు.

"అడిగినాడక్కా."

లేచి, గడియారం తలుపు తెరిచి, లోలకాన్ని చేత్తో పట్టి ఆపింది. టీ సల్లారిపోతాది, తాగి పో అంది. నా వైపు తిరగకుండానే అంది.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. పుంగనూరు బస్టాండులో టీ తాగేవాళ్లు దొర కథ చెప్పమంటారు. చెబుతాను. నా కథలో దొరకు హవల్దారు పట్టీలుంటాయి, నెలకు రెండు కిలోల మాంసం, పెద్ద ఆఫీసర్ల సెల్యూటు. నవ్వుతారు. ఆ కథలో దొర ప్రతిసారీ లేస్తుంది.

కానీ నాకు కనబడేది వేరు. పల్చటి ఎండ. గుమ్మానికి అడ్డంగా తోక చాచి దొర నిద్రపోతోంది. వంటవాడు రెండు డబ్బాలూ చప్పుడు కాకుండా ఒంటికి అదిమిపట్టుకుని, కాలు పైకెత్తి, దానికి నిద్రాభంగం కాకుండా ఆ తోకను మెల్లగా దాటుతున్నాడు.