కంపెనీ తాళం వేసిన అక్క పాట

తాళమంటే నాకు ఒళ్లు మంట. ఇనప తాళం కాదు, కంప్యూటర్లో పాటకు వేసే తాళం. మా అక్క పాటను మింగింది అదే.

అక్క పినపాకలో బట్టలు కుట్టేది. మిషను తొక్కుతూనే దేవుని పాటలు కట్టేది. చర్చిలో ఆమె పాడితే ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకునేవారు. మా వైపు చర్చి సంఘాల్లో పాటను పుస్తకంలో చూసి నేర్చుకోరు. ఎవరో ఒక క్యాసెట్ తెస్తారు, ఇంకొకరు దాన్ని ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకుంటారు, అట్లా అట్లా అది తల్లాడ దాకా పోతుంది. కొన్నాళ్లకు అందరి నోటా అదే. ఎక్కించుకోవడానికి దొరకని పాట మా దగ్గర ఎవరికీ రాదు.

పాటల కంపెనీ ఒకటి అక్కను హైదరాబాదు పిలిపించి, ఆమె కొత్తగా రాసిన పాటను పాడించి, కాగితం మీద సంతకం పెట్టించుకుంది. క్యాసెట్ వచ్చేదాకా ఎక్కడా పాడొద్దన్నారు. పిచ్చిది, చర్చిలో కూడా పాడలేదు. క్యాసెట్ మాత్రం రాలేదు. పాటను ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టారు. భద్రాచలంలో నాకప్పుడు చిన్న నెట్ సెంటర్ ఉండేది. అక్క అక్కడికొచ్చి తన పాటను తానే కొనుక్కుంది! ఏ కంప్యూటర్‌లో కొంటే అందులోనే మోగుతుంది. సీడీలోకి ఎక్కదు. ఇంకో కంప్యూటర్‌లో పెడితే మీకు హక్కు లేదని ఇంగ్లీషులో చెబుతుంది.

"ఆ తాళం తీసేస్త అక్కా," అన్నాను.

"వద్దు తమ్ముడూ. సంతకం పెట్టిన గద, మాట ఇచ్చినట్టే. కాపీ చేస్తే దొంగతనమైతది."

"నీ పాట నువ్వు దొంగతనం చేసుడేంది? గిదెక్కడి న్యాయం?"

ఆమె వినలేదు. పాస్టరుగారిని అడిగింది. "పాట వాళ్లకిచ్చినవ్ గదమ్మా, ఇగ వాళ్లదే. వాళ్ల అనుమతి అడుగు," అన్నారాయన. అడిగింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా "సార్‌కు చెప్తాం" అనేవాళ్లు. ఆ సారెవడో, ఏ గంగలో కలిశాడో!

అంతలో అక్క గొంతులో గడ్డ లేచింది. ఖమ్మంలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. నెలల తరబడి దవాఖానా, ఇల్లు తప్ప ఎక్కడికీ కదల్లేదు. ఒకరోజు నన్ను దగ్గరకు పిలిచి, చెవిలో గాలిలాంటి మాటతో అంది: "తీసెయ్ తమ్ముడూ. నా పాట నా గొంతుతోని ఒక్కసారన్న మనోళ్లు వినాలె." నాకు ఏడుపాగలేదు.

తాళం తీస్తాయని పేరున్న సాఫ్ట్‌వేర్లు వెతికి పెడితే వైరస్‌లే వచ్చాయి. చివరికి మోటు పని చేశాను. ఒక వైరు తెచ్చి, ఒక కొస పాట ఉన్న కంప్యూటర్‌లో స్పీకర్ పెట్టేచోట గుచ్చాను. రెండో కొస పక్క కంప్యూటర్‌లో మైకు పెట్టేచోట గుచ్చాను. ఇందులో పాట మోగుతుంటే అందులో రికార్డయింది. ఇంత జానెడు వైరుకు లొంగే తాళమా, అక్కను ఇన్నాళ్లు ఏడిపించింది! సీడీ చేసుకుని పినపాక బస్సెక్కాను.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో సీడీ పెట్టించాను. అక్క ముందు వరుసలో చాప మీద ముసుగేసుకుని కూర్చుంది. పల్లవి అయిందో లేదో, వెనక ఆడవాళ్లంతా గొంతు కలిపారు. ఎవరూ వినని పాట వీళ్లకెట్లా వచ్చిందని నేను తెల్లబోయాను.

పాట అయ్యాక ఒకామె అక్క భుజం తట్టింది. "గొంతు పోకముందు మంచిగ పాడినవక్కా. టీవీల పాడే ఆమెను అచ్చం దింపినవ్. మేం ఆ క్యాసెట్ వినే నేర్చుకున్నం."

అక్క గొంతులో గడ్డతో మంచాన పడ్డ కొత్తలోనే కంపెనీ అదే పాటను పేరున్న గాయనితో పాడించి క్యాసెట్లు వదిలిందట. క్యాసెట్‌కు తాళమెక్కడిది? మణుగూరు సంఘంలో ఒకరి దగ్గర ఎక్కించుకుని వీళ్లు తెచ్చుకున్నారు. మంచాన పడ్డ మనిషికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆ పాట ఆమెదని తెలిస్తే కదా!

అక్క లేచి నిలబడింది. ఏదో చెప్పబోయింది, గాలి తప్ప ఏమీ రాలేదు. నేనే అరిచాను: "ఈ పాట రాసింది మా అక్క! ముందుగాల పాడింది మా అక్క!"

పాస్టరుగారు నవ్వుతూ చెయ్యెత్తారు. "ఎందుకు బాబూ గంత కోపం? దేవుని పాటకు నాదేంది, నీదేంది?"

సంఘమంతా ఆమేన్ అంది. అక్క పెదవులు కూడా ఆమేన్ అనే కదిలాయి.