కోస్గి గుండ్లకు జపాను తాడు

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, చలికాలం చివర, మహబూబ్‌నగర్‌లో స్టాఫ్ రిపోర్టర్‌గా ఉన్న నన్ను మా పత్రిక జపానుకు పంపింది. ఒక ప్రభుత్వ విభాగం అధికారులు షింటో అనే అక్కడి పాత మతం ఆలయాలనూ, సముద్రం ఒడ్డున ఉన్న రాళ్లనూ చూసి, మన రాళ్ల దగ్గరికి జనాన్ని ఎట్లా రప్పించాలో నేర్చుకుంటారట. రాయడానికి ఒక విలేకరి కావాలన్నారు. మా జిల్లాలో ఏ దిక్కు చూసినా గుండ్లే. అయినా రాయిని సరిగ్గా చూడాలంటే విమానం ఎక్కాలని అప్పుడే తెలిసింది.

బృందానికి పెద్ద ఒక జాయింట్ డైరెక్టర్. అందరూ సారు అనేవాళ్లు, నేనూ అట్లే అంటాను. షింటో ఆలయంలోకి వెళ్లే ముందు తొట్టిలోంచి గరిటెతో నీళ్లు ముంచి ఎడమ చేయి, తర్వాత కుడి చేయి కడుక్కుని, నోరు పుక్కిలించాలి. గైడుగా వచ్చిన జపాను ఆవిడ చేసి చూపించింది. సారు మాత్రం నీళ్లు అరచేతిలో పోసుకుని మూడుసార్లు తీర్థం పుచ్చుకుని, తడిచేయి నెత్తికి రాసుకున్నారు. వెనకున్న మా బృందం ఇంజనీర్లిద్దరూ పై అధికారి బాటలోనే నడిచారు. గైడు మర్యాదగా చెట్లవైపు చూసింది.

ఆలయాల ముందు రెండు స్తంభాలు, పైన అడ్డదూలాలతో ద్వారం ఉంటుంది. తలుపులుండవు. సారు దాని చుట్టూ తిరిగొచ్చి, "తలుపు లేదు, టికెట్ లేదు. మరి గేటెందుకయ్యా పెట్టినట్టు?" అన్నారు.

నాలుగో రోజు సముద్రం దగ్గర అసలు రాళ్లు చూశాం. ఒడ్డుకు కాస్త దూరంలో ఒక పెద్ద రాయి, ఒక చిన్న రాయి. రెంటినీ కలుపుతూ లావుపాటి గడ్డితాడు. భార్యాభర్తల రాళ్లంటారు. తాడు అలలకు పాడవుతుంది కాబట్టి ఏటా మూడుసార్లు మారుస్తారు. ఆ పేరు ఎవరు పెట్టారని సారు అడిగారు. ఇక్కడివాళ్లు ఎప్పటినుంచో అట్లా పిలుస్తారు, అందుకే మేమూ పిలుస్తున్నాం అంది గైడు. సారు ఇంజనీర్ల వైపు తిరిగి, "రాసుకోండి. పేరే ముఖ్యం," అన్నారు. వాళ్లు పేరు, తాడు మందం రాసుకున్నారు. ఎవరు పిలుస్తారన్నది ఎవరూ రాసుకోలేదు. నేనూ రాసుకోలేదు.

తిరిగొచ్చాక, ఎండలు ముదిరే వేళకు సారు విభాగం నుంచి మా ఆఫీసుకు ప్రెస్ నోట్ వచ్చింది. ప్రెస్ నోట్ అంటే ఒక శాఖ తన గురించి తాను రాసుకుని పంపే వార్త. కోస్గి దగ్గర ఒక గుట్టమీది రెండు గుండ్లను జపాను తరహాలో 'దంపతుల గుండ్లు'గా తీర్చిదిద్దారట. క్రేన్‌తో నైలాన్ తాడు కట్టారట. పెళ్లయిన జంటలు వచ్చి ఫొటోలు దిగవచ్చట. వచ్చే వారం ఒక నాయకుడు ప్రారంభిస్తారు. జపాను వెళ్లివచ్చిన వాడినని జిల్లా పేజీలో నా పేరుతో వేస్తామన్నారు. సముద్రం దాటి వెళ్లి రాళ్లు చూసిన నేను కోస్గి బస్సెక్కడానికి బద్ధకించాను. నోట్‌ను కాస్త తిరగరాసి పంపాను.

మర్నాడు కోస్గి కంట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు. కంట్రిబ్యూటర్ అంటే జీతం లేకుండా మండల వార్తలు పంపే మనిషి. "సార్, సాయవ్వ అని గొర్లు కాసే ముసలామె. మీ పేరు చెప్పి మరీ తిడుతాంది. జర వచ్చిపోండ్రి," అన్నాడు.

వెళ్లాను. గుండ్ల చుట్టూ కంచె, గేటుకు తాళం. బయట గొర్లు తలలు వేలాడేసి ఒకదాని నీడలో ఒకటి నిలబడ్డాయి. రెండు గుండ్ల మధ్య సందులోంచి దిగితే అవతల కుంట ఉంది. ఎండాకాలం గొర్లకు ఉన్న నీళ్లు అవే. గుట్టకు ఒక పక్క కంకర తవ్విన గొయ్యి, ఇంకో పక్క ఇతరుల చేన్లు. వేరే తోవ లేదు.

సాయవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "పేపర్ల రాసినోనివి నువ్వేనా?"

"నేనేనవ్వా."

"గా పెద్దది అక్క. గీ చిన్నోడు తమ్ముడు. మా తాతల సంది అక్కాతమ్ముల గుండ్లే. తమ్మునికి అక్కనిచ్చి లగ్గం జేసినవు గదరా! మీ ఇండ్లల్ల గిట్లనే చేస్తరా?"

కంట్రిబ్యూటర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"జపానులో అవ్వా..." అన్నాను.

"జపానోళ్లు ఏమన్న చేస్కోని. నా గొర్లకు నీళ్లేవి? తాళమేసి మూడొద్దులాయె. లగ్గమైనోళ్లు ఇంటి తలుపేస్కుంటరు గని, ఊరి తొవ్వకు తాళమేస్తరా?"

అప్పుడు దగ్గరికెళ్లి చూశాను. నారింజరంగు నైలాన్ తాడు కింద, రాయిని అంటుకుని నల్లటి ఉన్నిదారం పోగులున్నాయి. ఏటా రాఖీ పున్నమికి అక్క గుండు తరఫున తమ్ముడి గుండుకు కురుమ ఆడవాళ్లు గొర్రె ఉన్ని పేని కట్టే రాఖీ అదని సాయవ్వ చెప్పింది. జపానులో చూసిన తాడు ఇక్కడ మా రాకకు ముందే ఉంది. సారు దానిమీదే పెళ్లితాడు కట్టించారు.

డెస్క్ ఇన్‌చార్జికి ఫోన్ చేసి సవరణ వేయమన్నాను. సవరణ అంటే లోపలి పేజీ మూలన రెండు లైన్లు. ఆయన చాలాసేపు నవ్వి, సవరణ కాదు, వార్తే రాయమన్నాడు. 'తమ్ముడితో అక్కకు పెళ్లి!' అని శీర్షిక పెట్టాడు. మూడో పేరాలో నేను గొర్ల దాహం గురించి, మూసేసిన తోవ గురించి రాశాను.

వార్త వచ్చిన రోజు పొద్దున ఏడింటికే సారు ఫోన్. ఇది మనోభావాల విషయం, ముందే ఎందుకు చెప్పలేదని అడిగారు. వరస తప్పిన పెళ్లికి రిబ్బన్ కత్తిరించనని నాయకుడు మొండికేశాడట. మధ్యాహ్నానికి గేటు తీశారు. తాడు విప్పి అక్కడే పడేసి పోయారు. దాన్ని సాయవ్వ దొడ్డికి కట్టుకుంది. బోర్డుమీద 'దంపతుల' అన్న మాటకు రంగు పూసి, 'గుండ్లు' మాత్రం ఉంచారు.

ఆ మూడో పేరా గురించి మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు. గొర్లకు నీళ్లు దొరికింది దాహం వల్ల కాదు, వరస వల్ల. రిటైరయ్యేదాకా ప్రెస్ నోట్‌లో ఏ ఊరి పేరు కనిపించినా ఆ ఊరి బస్సెక్కకుండా వార్త రాయలేదు. ఎక్కిన ప్రతిసారీ మొదట అడిగింది, ఆ చోటును ఏమని పిలుస్తారని. రెండోది, అక్కడినుంచి ఎవరు నడుస్తారని.