ఇప్పచెట్టుకు పూసిన జాజు

పక్కింటావిడ అరుగుకు జాజు పూస్తుంటే, ఆ తడి ఎర్రమట్టి వాసనకు నాకు ఇప్పటికీ గుండె దడ పుడుతుంది.

చిన్నప్పుడు ప్రతి ఆదివారం అవ్వ వెంట అడవిదారిన పక్క ఊరి ప్రార్థన మందిరానికి నడిచేదాన్ని. ఒక ఆదివారం దారి పొడవునా చెట్లకు ఎర్రరంగు గుర్తులు కనిపించాయి. మేము సేదతీరే ఇప్పచెట్టుకు మాత్రం లేదు. ఐగుప్తులో గొర్రెపిల్ల రక్తం పూసిన గుమ్మాలను సంహారకుడు దాటిపోయాడని, ఆ గుర్తు లేని ఇళ్లలోనే ప్రాణాలు తీశాడని అంతకుముందు వారమే బైబిలు పాఠంలో విన్నాను.

"మన చెట్టుకు గుర్తు లేదేందే అవ్వా? గిది చచ్చిపోతదా?"

"నీ నోట్ల మన్నువడ! జర నడువు, పాటలు షురువైతయి."

మరునాడు బడి ఎగ్గొట్టి, ఇంట్లోని జాజు కలిపి తీసుకెళ్లి చెట్టు మొదలుకు పూశాను. సాయంత్రానికి మబ్బు పట్టింది. "ప్రభువా, వాన ఆపు" అని మోకరించి ఏడ్చాను. వాన ఆగలేదు. జాజంతా కడుక్కుపోయింది. దేవుడి మీద అలిగి అన్నం ముట్టలేదు.

ఆ వారమే రోడ్డు కోసం గుర్తులున్న చెట్లన్నీ నరికేశారు. ఎర్రరంగు వేసింది అందుకేనని అవ్వ అప్పుడు చెప్పింది. మా ఇప్పచెట్టు నిలిచింది.

నా ప్రార్థనకు జవాబు రానప్పుడల్లా ఇప్పటికీ భయపడతాను. తర్వాత ఆ వాన గుర్తొస్తుంది.