సోములును తిన్న క్రిమి

కళింగపట్నం దాపున చేపల వేట మీద బతికే సోములుకు, వల దులుపుతుంటే అరికాల్లో జెల్ల చేప ముల్లు దిగింది. పసుపు అద్దుకుని మళ్లీ సముద్రం మీదికి పోయాడు. వారం తిరక్కుండానే కాలు నల్లబడింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చినా ప్రాణం దక్కలేదు.

"గాయంలోని క్రిమి కక్కిన విషం ఒళ్లంతా పాకిపోయిందమ్మా," అన్నాడు డాక్టరు.

కూతురు రాజకుమారి ఏడవలేదు. "దాని పేరేటండీ?" అని అడిగింది.

స్టెఫిలోకాకస్. ఆ పేరును పగవాడి పేరులా గుండెలో దాచుకుని పీజీ దాకా చదివింది. విజయనగరంలో ఒక ల్యాబులో పరిశోధనకు చేరింది. తండ్రి చీములోంచి తీసి ఆసుపత్రి ఫ్రీజర్లో ఉంచిన క్రిమినే బతిమాలి తెచ్చుకుంది. గొర్రె రక్తం కలిపిన పళ్లెంలో పెంచితే తెల్లారేసరికి పసుపు చుక్కలు మొలిచాయి. ప్రతి చుక్క చుట్టూ రక్తం కరిగిపోయి తేటబడింది. నాన్న కాల్లో జరిగింది ఇదే! పళ్లు నూరుతూ పళ్లెం నిండా బ్లీచింగు పోసింది. మర్నాడు మళ్లీ పెంచింది, మళ్లీ చంపింది.

గైడు అనూరాధ అది కనిపెట్టింది. "చంపడం సబ్బుకీ చేతనవును. దాని విషం ఎవరి మాట వింటుందో చూడు."

ఆ సంగతి పుస్తకాల్లోనే ఉంది. కొద్దిగానే ఉన్నప్పుడు ఈ క్రిములు గమ్మున దాక్కుంటాయి. గుంపు పెరిగాక వాటిలో ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు పుడుతుంది. విషం చేయమనే ఆజ్ఞ అప్పటిదాకా ముడుచుకుని ఉంటుంది. ఈ పోగు వెళ్లి దాన్ని విప్పుతుంది. రాజకుమారికి శత్రువు పీక చేతికి చిక్కినట్టయింది. ఎన్నోసార్లు తప్పి, చివరికి ఆ పోగును పుట్టించే జన్యువును కత్తిరించేసింది.

ఈసారి చుక్కలు పెరిగాయి కానీ, చుట్టూ రక్తం ఎర్రగా అలాగే ఉంది. ఆమె నవ్విన నవ్వుకి పక్కబల్లల వాళ్లు ఉలిక్కిపడ్డారు. వెంటనే తల్లి జగ్గమ్మకు ఫోను చేసింది.

"సచ్చిందేటే?"

"నేదమ్మా, బతికే ఉన్నాది. రక్తంలోనే కూకున్నాది గానీ ఇషం కక్కనేకపోతన్నాది."

"అయితే మందొస్తాదా?"

"ఇది మందు కాదమ్మా. దానికింకా శానా దూరం."

చేపల బజారు రొద మీదుగా జగ్గమ్మ గొంతు పెంచింది.

"సంపకే దాన్ని. మీ అయ్య మంచం మీద కదల్నేక ఎలా పడున్నాడో, అదీ అలాగే పడుండాల."

రాజకుమారి ఆ క్రిమిని చిన్న గొట్టంలోకెత్తి మంచులో పెట్టింది. కోపం మాత్రం చల్లారలేదు. మర్నాడు, ఇంకెవరి పుండులోంచో తీసిన క్రిమిని కొత్త పళ్లెం మీద గీతలుగా పూసి, దాని విషాన్నీ ఆపే పని మొదలెట్టింది.