పుస్తకంలో లేని ఇంగ్లీషు

అరబ్బు రేవుపట్నం అకబాలో, సముద్రపు ఒడ్డు హోటల్లో బట్టలు ఇస్త్రీ చేసే రస్మియ్యాని, పెద్దకొడుకు పేరు కలిపి అందరూ ఉమ్ నాయెఫ్ అనేవారు. పద్దెనిమిదేళ్ళలో ఒక్క దుప్పటి కాల్చి ఎరగదు. చివరికి కాలింది ఆమె చెయ్యే. ఆవిరి ఇస్త్రీ యంత్రం మూత వదులైందని రెండు నెలలుగా మొత్తుకుంటూనే ఉంది. ఒకనాడు అది దబ్బున ముంజేతి మీద పడింది.

మూడో రోజున ఆఫీసు నుంచి ఇంగ్లీషు కాగితం వచ్చింది. పనివాళ్ళకి ఇంగ్లీషు నేర్పే లుబ్నా చదివి తల దించుకుంది.

"యంత్రం బాగానే ఉంది, తప్పు నాదే అని నువ్వు ఒప్పుకున్నట్టు రాశారు పిన్నీ. ఎల్లుండికి సంతకం పెట్టకపోతే పన్లోంచి తీసేస్తారట."

"నేను సంతకం పెడితే ఇక దాన్నెవరు బాగుచేస్తారు? రేపు దాని దగ్గర ఇంకో పిల్ల నిలబడాలి కదే! యస్ సర్, సారీ సర్ తప్ప ఏం నేర్పావు మాకు? కాదనే మాటలు ఆ భాషలో లేవా?"

"హోటలువాళ్ళిచ్చిన పుస్తకంలో లేవు."

"రాసినవాడు గడుసువాడే. నువ్వు నేర్పు."

రెండు రోజులూ ఒంటిచేత్తో దుప్పట్లు మడతపెడుతూ వల్లించింది: రెఫ్యూజ్, అబ్జెక్ట్ టు, టర్న్ డౌన్, స్టాండ్ అప్ టు.

"మీ ఆయన మీద ప్రయోగించావా?" తోటివాళ్ళు నవ్వారు.

"ఆయనకి అరబ్బీయే ఎక్కువ!"

గడువు రోజున లుబ్నాని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. మేనేజరు పరదేశి. మర్యాదగా కాఫీ పోయించాడు. ఉమ్ నాయెఫ్ కప్పు అందుకుని, తాగకుండా అతని ముందు పెట్టింది.

"ఐ అబ్జెక్ట్ టు దిస్ పేపర్. ఐ టర్న్ ఇట్ డౌన్."

అతను లుబ్నా వైపు చూశాడు. "ఇవెవరు నేర్పారు?"

"నేనే," అంది లుబ్నా. "అడగవచ్చినవాళ్ళ మాట చెల్లేదాకా మావాళ్ళు కాఫీ ముట్టరు సర్. ముట్టకుండా లేచిపోతే ఆ తలవంపు పోయించినవాడిదే."

"ఇది ఇల్లు కాదు, ఆఫీసు," నవ్వాడతను.

ఆ కాగితం టైపు చేసిన ముసలి గుమస్తా అబూ సఖర్ పక్కనే ఉన్నాడు. పెదాల దాకా తెచ్చిన కప్పు చప్పుడు కాకుండా కిందపెట్టాడు.

మేనేజరు నవ్వు ఆగింది. కాగితం అందుకుని రెండుగా చించాడు. "ఇక తాగమను."

ఉమ్ నాయెఫ్ కప్పు ముట్టలేదు.

"యంత్రం సంగతేమిటో అడగవే."

మెకానిక్ వచ్చి మూత విప్పేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా ఆమె ఆ కుర్చీలోంచి కదల్లేదు.